మూడు పిలుపుల లెక్క

పాడె ఇంటి నుంచి బయల్దేరి శ్మశానం చేరేలోపు దారిలో ఒకచోట ఆగుతుంది. దాన్ని కిందికి దింపుతారు. కొడుకో, దగ్గరి చుట్టమో పోయిన మనిషి చెవి దగ్గరికి వంగి వరస పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. "నాయినా... నాయినా... నాయినా." పలకకపోతే పాడె మళ్లీ లేస్తుంది. ఆ చోటును దింపుడు కల్లం అంటారు. నాడి చూసే వైద్యుడు అందుబాటులో లేని రోజుల్లో, స్పృహ తప్పిన మనిషిని పొరపాటున కాల్చేయకుండా చూసుకునే ఆఖరి పరీక్ష ఇదని పెద్దలు చెబుతారు.

ఇవాళ "దింపుడు కల్లం ఆశ" అంటే ఎకసెక్కెపు మాట. ఓటమి ఖాయమని తెలిసీ ఆఖరి రౌండు దాకా కౌంటింగ్ హాల్లో కూర్చునే అభ్యర్థి మీద వాడతారు. కానీ ఆ తంతులో మనం గమనించని పనితనం ఒకటి ఉంది. ఆశకు అందులో ఒక చోటుంది, ఒక లెక్కుంది. మూడే పిలుపులు. ఎంత ప్రాణంగా చూసుకున్న కొడుకైనా అక్కడే కూర్చుని పొద్దూకేదాకా పిలవడు. నాలుగోసారి పిలవలేదని ఊళ్లో ఎవరూ వేలెత్తి చూపరు. పిలవాల్సినంత పిలిచాడని పాడె మోసినవాళ్లంతా సాక్షులే.

నల్లగొండ, పాలమూరు ఇళ్లలో ఇప్పుడు చావు చుట్టూ జరుగుతున్న నష్టంలో చాలా భాగం ఈ లెక్క తప్పిపోవడం వల్లే. మనకు ఆశ తక్కువై కాదు, దాన్ని ఎన్నో పిలుపు దగ్గర ఆపాలో ముందే అనుకోకపోవడం వల్ల.

ఇంకో వంద ఫీట్లు

లెక్కలేని ఆశ ఎలా పనిచేస్తుందో ఈ నేలకు వేరే చెప్పక్కర్లేదు. మనుషుల కన్నా బోర్లు ఎక్కువని పేరుపడ్డ ముసంపల్లి నల్లగొండ జిల్లాలోనే ఉంది. ఇక్కడ నేల కింద ఉన్నది గట్టి గ్రానైటు. నీళ్లుండేది పైన చివికిన పొరలో, దాని కింద రాతి నెర్రెల్లో. లోతుకు పోయేకొద్దీ పైబరువుకు నెర్రెలు మూసుకుపోతాయి కాబట్టి ఒక హద్దు దాటాక ప్రతి వంద ఫీట్లకూ నీళ్లు పడే అవకాశం తగ్గుతుంది, ఫీటు రేటు మాత్రం పెరుగుతుంది. ఈ సంగతి బోరు బండి డ్రైవరుకూ తెలుసు, రైతుకూ తెలుసు. అయినా మూడు వందల ఫీట్ల దగ్గర తెల్లదుమ్ము లేస్తుంటే "ఇంకో వంద పోనియ్" అనే మాట నోట్లోంచి దానంతటదే వస్తుంది. ఎందుకంటే ఆ క్షణంలో రైతు తూచేది మొత్తం ఖర్చును కాదు. ఇప్పటికే పోయినదాని పక్కన ఇంకో వంద ఫీట్లు చిన్నగా కనపడతాయి. ఆపితే పోయిందంతా వృథా అని ఒప్పుకున్నట్టవుతుంది.

అనుభవమున్న రైతు బండి రాకముందే, ఇంట్లో కూర్చుని, "ఇన్ని ఫీట్ల దగ్గర ఆపుత" అనుకుని వస్తాడు. ఆ మాట భార్యకో తమ్ముడికో చెప్పి మరీ వస్తాడు. దుమ్ము లేచేటప్పుడు తన బుర్ర సరిగ్గా పనిచేయదని అతనికి తెలుసు. ఐసీయూ బయట బెంచీ మీదా ఇదే జరుగుతుంది. అక్కడ పోయేది నీళ్ల ఆశ కాదు, అమ్మ. కాబట్టి ముందే అనుకోవడం ఇంకా కష్టం, ఇంకా అవసరం.

రాత ఏది, హద్దు ఏది

హద్దును ఒప్పుకోవడం అనగానే మన దగ్గర తలరాత అనే మాట తయారుగా ఉంటుంది. ఇది వేరు, అది వేరు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు పల్లెల్లో తరాల తరబడి పళ్లు పచ్చబడ్డాయి, వెన్నులు వంగాయి. చాలామంది రాత అనుకున్నారు. అది బోరు నీళ్లలోని ఫ్లోరైడు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. ఇక్కడి కొన్ని బావుల్లో అంతకు ఎన్నో రెట్లుండేది. పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. 2015లో మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లో లేచిందీ ఈ జిల్లా కథ వల్లే. నీళ్లు మార్చడం మనిషి చేతిలో పని. దాన్ని రాత అని ఒప్పుకోవడం తప్పు. వంగి బిగుసుకుపోయిన ఎముకను మాత్రం ఏ మందూ వెనక్కి తిప్పలేదు. అక్కడ నొప్పి తగ్గించడం, చేతికర్ర, మంచం ఎత్తు, మరుగుదొడ్డి గోడకు కడ్డీ, ఇవీ పనులు. ఒకే మనిషి ఒంట్లో పోరాడాల్సినదీ ఒప్పుకోవాల్సినదీ పక్కపక్కనే ఉంటాయి. వేరుచేసి చూడాలి.

వైద్యంలో ఈ గీత కదులుతూ ఉంటుంది కూడా. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయి, మాట ముద్దగా వస్తే పక్షవాతం. రక్తం గడ్డ వల్ల వచ్చినదైతే, తగినవాళ్లకు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. అప్పుడు "పెద్దాయన, వయసైపోయింది" అని ఇంట్లో కూర్చోబెట్టి పావురం రక్తం రాస్తూ పొద్దుపుచ్చడం ఒప్పుకోలు కాదు, చేజార్చుకోవడం. ఈ వ్యాసంలో మిగతాదంతా నయంకాని జబ్బు ముదిరిన దశ గురించి: ఒళ్లంతా పాకిన క్యాన్సర్, ఆఖరి దశ గుండె, ఊపిరితిత్తుల, కిడ్నీ జబ్బులు, మంచం పట్టి తిండి మానేసిన ముసలితనం.

డాక్టర్లు చేతులెత్తేశారు

ఈ మాట మన భాషలో ఉన్నంతకాలం చిక్కు తీరదేమో. జబ్బును నయం చేసే దారి మూసుకుపోయిందని డాక్టరు చెబితే, వైద్యమే అయిపోయిందని ఇంటివాళ్లకు వినపడుతుంది. దాంతో రెండు తప్పుల్లో ఒకటి జరుగుతుంది. ఇంకో ఆసుపత్రికి అంబులెన్సు మాట్లాడతారు. లేదా "మా ఇష్టంతోనే తీసుకపోతున్నం" అని కాగితం మీద సంతకం పెట్టి, నొప్పిమందు చీటీ కూడా లేకుండా ఇంటికి తెస్తారు. దారిలోనే ఊపిరి గొట్టం తీయించి, గాలి కోసం కొట్టుకునే మనిషికి ఏం చేయాలో తెలియక చుట్టూ నిలబడే ఇళ్లు ఎన్నో. సంతకం పెట్టే ముందు అడగాల్సింది ఒకటే: "ఇంటి దగ్గర నొప్పికి, ఆయాసానికి, కలవరింతకు ఏం మందు ఇయ్యాలె, ఎంత ఇయ్యాలె, రాత్రి ఎవరికి ఫోన్ చెయ్యాలె, రాసియ్యండి." ఈ చీటీ ఉన్న ఇంటికీ లేని ఇంటికీ ఆఖరి మూడు రోజుల్లో చాలా తేడా.

ఐసీయూలో చేర్చడం తప్పని కాదు. ఫలితం ఎటు పోతుందో తెలియనప్పుడు చేర్చాల్సిందే, గడువు పెట్టి. గడువు పెట్టి చేసే ఈ చికిత్స వైద్యంలో గుర్తింపు ఉన్న పద్ధతి. మూడు నుంచి ఐదు రోజులు పూర్తి బలంతో ప్రయత్నించడం, ఏం చూసి మెరుగు అనుకోవాలో, ఏం చూసి ఆపాలో మొదటిరోజే డాక్టరూ ఇంటివాళ్లూ మాట్లాడుకోవడం. మెదడు దెబ్బలకు గడువు ఇంకా ఎక్కువ కావాలి. చూడాల్సినవి చదువు లేనివాళ్లకూ అర్థమయ్యేవే. ఉచ్చ ఎంత వస్తోంది: కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు, అంటే అరవై కిలోల మనిషికి గంటకు 30, రోజుకు ఏడు వందల పైచిలుకు మిల్లీలీటర్లు ఉండాలి. బీపీ నిలబెట్టే మందు డోసు రోజురోజుకూ తగ్గుతోందా, పెరుగుతోందా. వెంటిలేటర్‌లో ఆక్సిజన్ శాతం ఎంత మీద ఉంది. పిలిస్తే కళ్లు తెరుస్తున్నాడా. రోజూ పొద్దున ఈ నాలుగూ ఒకే నోట్‌బుక్కులో రాసుకుంటే ఐదోరోజు మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. లేకపోతే "నిన్నటికన్నా జర మంచిగున్నడు" అనే మాట మీదనే రెండు వారాలు గడుస్తాయి. నోట్లోంచి ఊపిరి గొట్టం వేసి పది పద్నాలుగు రోజులైతే గొంతుకు రంధ్రం పెట్టే ప్రస్తావన వస్తుంది. అది కొత్త దారి. అక్కడికి పోవాలా వద్దా అన్నది మళ్లీ కూర్చుని తేల్చుకోవాలి తప్ప, జారుకుంటూ పోకూడదు.

అవును, ఇది మూడు పిలుపుల తంతే. లెక్క ముందే ఉంది, సాక్షులున్నారు.

గుండె ఆగితే ఛాతీ నొక్కాలా అని కూడా ముందే తేల్చుకోవాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతిసారీ కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కుతారు. ముసలివాళ్ల పక్కటెముకలు తరచుగా విరుగుతాయి. నడుస్తూ నడుస్తూ గుండె ఆగి పడిపోయిన యాభై ఏళ్ల మనిషికి అది ప్రాణం పోసే పని. ఆర్నెల్లుగా క్యాన్సర్‌తో కరిగిపోయిన ఒంటికి దానివల్ల మేలు జరగడం బహు అరుదు.

డాక్టరును "ఆశ ఉందా?" అని అడగకండి. ఎవరైనా ఉందనే అంటారు. "ఇదంతా అనుకున్నట్టు జరిగితే మా అమ్మ మళ్లీ ఏం చేయగలుగుతది? తన చేత్తో తింటదా, మమ్మల్ని గుర్తుపడతదా, బాత్రూమ్‌కు పోతదా?" అని అడగండి. జవాబు ఒక్కసారిగా స్పష్టమవుతుంది.

డబ్బు సంగతి మాట్లాడటం మర్యాద కాదనుకుంటారు కానీ మాట్లాడాలి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. దారిఖర్చు, తోడున్నవాళ్ల తిండి, పోయిన కూలి ఆ కార్డులోకి రావు. రెండు రూపాయల మిత్తికి మూడు లక్షలు తెస్తే నెలకు ఆరు వేలు, ఏడాదికి 72 వేలు మిత్తే. మనిషి దక్కే చోట ఆ అప్పుకు అర్థముంది. దక్కడని డాక్టరు చెప్పాక కూడా ఎకరం అమ్మేది చాలాసార్లు మనిషి కోసం కాదు, "ఊరోళ్లు ఏమంటరు" అనే భయానికి. ఇంకో మాట: అన్నిటికన్నా గట్టిగా పట్టుబట్టేది తరచుగా దూరం నుంచి వచ్చిన బిడ్డే. ముంబయిలో పనికి పోయిన కొడుకైనా, డాలస్‌లో ఉన్న కూతురైనా. దగ్గరుండి చూడలేదన్న బాధ అలా బయటికొస్తుంది. వాళ్లను తప్పుపట్టే బదులు మొదటిరోజే డాక్టరుతో వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. నాలుగోరోజు విమానం దిగి వచ్చి లెక్క మొదటికి తేవడం తప్పుతుంది.

ఒక గ్లూకోజ్ సీసా

మనిషి తినడం మానేయగానే ఇంటివాళ్ల నోట వచ్చే మాట "ఒక సీసా ఎక్కియ్యుండ్రి సారూ". అర లీటరు ఐదు శాతం గ్లూకోజ్ సీసాలో ఉండే చక్కెర 25 గ్రాములు. దాని బలం సుమారు 85 కేలరీలు, ఒక జొన్నరొట్టె అంత కూడా ఉండదు. వాంతులు, విరేచనాలతో నీళ్లు పోయినవాడికి సీసా అవసరమే. ఆఖరి రోజుల్లో ఉన్నవాడికి గుండె, కిడ్నీలు ఆ నీటిని తోయలేవు. అది కాళ్లలో వాపుగా, ఊపిరితిత్తుల్లో గురగురగా తేలుతుంది. తినకపోవడం వల్ల చనిపోతున్నాడని మనం అనుకుంటాం. అసలు జరుగుతున్నది తిరగేసి: ఒళ్లు మూసుకుంటోంది కాబట్టి ఆకలి పోయింది.

పాలమూరు దగ్గరి పిల్లలమర్రి చెట్టుకు 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసిన ఫొటోలు అందరూ చూసే ఉంటారు. ఏడు వందల ఏళ్ల చెట్టుకు సీసాలేమిటని నవ్వినవాళ్లూ ఉన్నారు. ఆ సీసాల్లో ఉన్నది చెద మందు. చెట్టు జబ్బు చెద. జబ్బుకు తగిన సీసా. దానితోపాటు కొమ్మల కింద ఆనుడు కట్టారు, జనం రాకుండా ఆపారు. మన ఇళ్లలో చాలాసార్లు సీసా ఒక్కటే ఉంటుంది, అందులో ఏముందో ఎందుకుందో అడిగేవారుండరు, పలకరించే జనం మాత్రం మంచం చుట్టూ కమ్ముకుని ఉంటారు.

ఆఖరి దశలో ఇంటి దగ్గర చేయాల్సింది చిన్నచిన్న పనులు, కానీ గంటల లెక్కన చేయాలి. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. నోరు ఎండకుండా తడి దూది, పెదాలకు కాస్త వెన్న లేదా వాజిలిన్. తాను అడిగితేనే చెంచాతో నీళ్లు, తల ఎత్తి పట్టుకుని. స్పృహ లేనప్పుడు పాలు, జావ పోస్తే కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తులసినీళ్లు పోయాలనుకుంటే పెదాలు తడిస్తే చాలు. గొంతులో గురగుర వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అది వినేవాళ్లకే ఎక్కువ బాధ, ఆ మనిషికి చాలావరకు తెలియదు. ఊపిరి కాసేపు గబగబా తీసి, కాసేపు ఆగి, మళ్లీ మొదలవడం కూడా ఈ దశలో మామూలే. చెవులు ఆఖరిదాకా వింటాయని అనుకునే మాట్లాడాలి. ఆస్తి తగాదా బయట అరుగు మీద పెట్టుకోవచ్చు.

తీవ్రమైన నొప్పికి బాగా పనిచేసే చౌకమందు మార్ఫిన్. భయాలూ దాని మీదే ఎక్కువ. క్యాన్సర్ నొప్పికి నోటి మాత్ర మామూలుగా నాలుగు గంటలకోసారి 5 మిల్లీగ్రాములతో, బాగా ముసలివాళ్లకు 2.5తో మొదలుపెట్టి, తగ్గేదాకా డాక్టరు పెంచుతారు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు లెక్క వేరు. మొదటి రోజుల్లో మగత, వికారం ఉంటాయి, తర్వాత తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, కాబట్టి విరేచనం మందు మొదటిరోజు నుంచే వాడాలి. ఇది మరిచిపోయి, కడుపు ఉబ్బిందని మార్ఫిన్ ఆపేసే ఇళ్లు చాలా. ఇంకో పెద్ద తప్పు, నొప్పి వచ్చాక వేయడం. గడియారం చూసి వేయాలి, మూలుగు విని కాదు. 2014లో మత్తుమందుల చట్టం సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రులు దీన్ని ఉంచుకోవడం తేలికైంది. తెలంగాణలో జిల్లా ప్రభుత్వ ఆసుపత్రులకు అనుబంధంగా పాలియేటివ్ కేర్ కేంద్రాలు, అంటే నయంకాని జబ్బులో నొప్పి, బాధ తగ్గించే కేంద్రాలున్నాయి. నయంకాని జబ్బు బయటపడిన వెంటనే అక్కడ పేరు రాయించుకోవాలి. ఆఖరి వారంలో వెళితే వాళ్లు చేయగలిగింది తక్కువ.

కాగితం మీద

2018 మార్చి 9న సుప్రీంకోర్టు తీర్పుతో, నయంకాని స్థితిలో కృత్రిమంగా ప్రాణం నిలబెట్టే చికిత్స వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కు వచ్చింది. మొదట మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. అది ఎవరి వల్లా కాలేదు. 2023 జనవరిలో సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరించుకుంటే చాలు. మీరు మాట్లాడలేని స్థితిలో మీ తరఫున మాట్లాడేవాళ్ల పేర్లు అందులో ఉండాలి, ఒకటికి రెండు పేర్లు మంచిది. నకలు ఒకటి స్థానిక సంస్థలో ఆ బాధ్యత ఉన్న అధికారికి, ఒకటి కుటుంబ డాక్టరుకు. అమలు సమయంలో ఆసుపత్రి, చికిత్స చేస్తున్న డాక్టరును ఇద్దరు నిపుణులతో కలిపి ప్రాథమిక బోర్డు వేస్తుంది. దానిపైన జిల్లా వైద్యాధికారి ప్రతినిధి ఉన్న రెండో బోర్డు చూస్తుంది. రెండూ 48 గంటల్లోపు తేల్చడం మంచిదని కోర్టు అంది. ఇలాంటి కాగితం రాయకపోయినా కుటుంబం ఒప్పుకోలుతో ఇదే దారి ఉంది. ఇంజెక్షన్ వేసి చంపడం ఇందులోకి రాదు, అది నేరమే. కాగితం బీరువాలో తాళం వేసి పెట్టడం అందరూ చేసే తప్పు. పేరున్న ఇద్దరి ఫోన్లలో దాని ఫొటో ఉండాలి.

మిగతా కాగితాలు త్వరగా చూద్దాం. వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ మేలు. ఆస్తి వచ్చేవాళ్లను సాక్షులుగా పెట్టొద్దు. ఉమ్మడి ఆస్తిలో మీ వాటా వరకే రాయగలరు, కూతుళ్లకూ సమానవాటా ఉందని మరవద్దు. రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల వరకే, మొత్తం 5 లక్షలు. నామినీగా ఉన్న భార్య ముందే పోయి, పేరు మార్చకపోతే పిల్లలు ఆఫీసుల చుట్టూ తిరగాలి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. నేత్రదానం అనుకుంటే ఆరు గంటల్లోపు: కళ్లు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టి ఫోన్ చేయాలి.

అడగడం

ఇంత చేసీ అసలు మనిషిని అడగకుండానే ముగిసేవి ఎక్కువ. "పెద్దాయనకు చెప్పకుండ్రి, బెంగటిల్లుతడు" అని అందరూ దాస్తారు. ఆయనకు తెలుసు. ఇంట్లో గొంతులు తగ్గడం, ఎన్నడూ రాని బామ్మర్ది పండ్లు పట్టుకుని రావడం ఆయన చూస్తూనే ఉన్నాడు. దాచేవాళ్లు బాధపడతారని తనూ దాస్తాడు. నిజం మొత్తం ఒకేసారి మీద పడేయనక్కర్లేదు. "నాయినా, డాక్టరు చెప్పేది నీకు చెప్పమంటవా, పెద్దోనికి చెప్పమంటవా?" అని అడగొచ్చు. పెద్దోనికి అంటే, అదీ ఆయన నిర్ణయమే. "అవ్వా, నీకు దేని గురించి రంది ఉంది?" అన్న ప్రశ్నకు జవాబులో చావు రాకపోవచ్చు. చిన్న కూతురి కాపురం రావచ్చు, ఈదమ్మకు మొక్కిన మొక్కు రావచ్చు, తన మంచం వాకిట్లో వేపచెట్టు కింద వేయమనడం రావచ్చు. ఐసీయూలో అయితే ఈ మూడింటిలో ఒక్కటీ తీరదు.

తరచుగా వచ్చే ఇంకో రంది చేబదుళ్లు. పల్లెల్లో కాగితం లేని అప్పులు సగం మనిషి నోట్లోనే ఉంటాయి. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి దగ్గర ఎంత రావాలి, కాలువ పక్క గట్టు ఏ రాయి దాకా మనది. ఇవి చెప్పకుండా పోవడం ఆ తరానికి చావు కన్నా బరువు. నోటి మార్ఫిన్ మాత్ర వేసిన గంటకు నొప్పి బాగా తగ్గుతుంది, మాట నిలకడగా వస్తుంది. టీవీ ఆపి, చుట్టాలను కాసేపు బయట కూర్చోబెట్టి, ఆ గంటలోనే నోట్‌బుక్కూ పెన్నూ పట్టుకుని మంచం పక్కన కూర్చోవాలి. ఆయన చెప్పినట్టే రాసుకుని, మళ్లీ చదివి వినిపించాలి.